సోమవారం లేని ఊరు

డాక్టర్ నరహరి, ఆయన భార్య హైమవతి ‘తీరిక’ అనే ఊళ్ళో దిగింది ఒక శుక్రవారం మధ్యాహ్నం. మదనపల్లె నుంచి హార్స్‌లీ కొండల వైపు పోయే దారిలో, టమాటా తోటలు దాటాక, చిన్న గుట్ట వాలులో నలభై ఇళ్ళు. ఎర్ర పెంకుల కప్పులు, ప్రతి ఇంటి ముందూ ఒక అరుగు, మధ్యలో అందరికీ కలిపి ఒక భోజనశాల. ఉద్యోగాలు ముగించుకున్నవాళ్ళ కోసం కట్టిన ఊరది. సామాన్లు దించుతూ హైమవతి చుట్టూ చూసింది. ఒక్క తలుపూ తీసి లేదు. ఏ వాకిట్లోనూ మనిషి అలికిడి లేదు.

“మనమే అందరికన్నా ముందు వచ్చామా?” అని అడిగింది.

“లేదు హైమా. అందరూ ఇక్కడే ఉన్నారు. నిద్రపోతున్నారు,” అన్నాడు నరహరి. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో కాస్త గర్వం ఉంది. ఆ నిద్ర ఆయన కనిపెట్టిందే.

ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట, అనంతపురం దగ్గర ఎండిపోయిన ఒక చెరువు అడుగున గునపంతో తవ్వి, రాయిలా బిగుసుకుపోయిన కప్పను బయటికి తీశాడు నరహరి. నీళ్ళ గిన్నెలో వేస్తే గంటకి కాలు కదిలించింది. ఎనిమిది నెలలు మట్టిలో తిండి లేకుండా పడుకున్న ఆ కప్పను కోసి చూస్తే, దాని ఒంట్లో ఎనిమిది నెలల ముసలితనం ఎక్కడా కనిపించలేదు. ఆ నిద్రను తెచ్చే పదార్థాన్ని దాని నెత్తుట్లోంచి వేరుచెయ్యడానికి ఆయన ఉద్యోగకాలమంతా పట్టింది. ముందు ఎలుకలకి, తర్వాత కోతులకి, చివరికి మనుషులకి ఇచ్చారు. ఒక సూదిమందు, చల్లటి గది. అంతే. ఆదివారం సాయంత్రం ఆరింటికి పడుకుంటే శనివారం పొద్దున ఆరింటికి లేస్తారు. ఆ మధ్యలో గుండె నిమిషానికి నాలుగుసార్లు కొట్టుకుంటుంది. ఒంటికి వయసు పెరగదు. లోకానికి ఏడు రోజులు గడిస్తే వాళ్ళకు గడిచేది ఒకటిన్నర రోజు.

పదిహేనేళ్ళు మిగిలినవాడు డెబ్భై ఏళ్ళు బతకొచ్చు. ఆ డెబ్భై ఏళ్ళూ శని ఆదివారాలే.

మర్నాడు పొద్దున నిద్రశాల తలుపులు తెరుచుకున్నాయి. రెడ్డెమ్మ అనే నర్సు ఒక్కొక్కరికీ గోరువెచ్చని రాగి అంబలి తాగించి, భుజం పట్టి బయటికి నడిపించింది. ఏడింటికల్లా ఊరు నిండిపోయింది. భోజనశాలలో దోసెలు, చెనిగ్గింజల చట్నీ. ఒక పక్క క్యారమ్స్, ఒక పక్క పేకాట. సాయంత్రం గుట్ట మీదికి నడక, తర్వాత పాత సినిమా. ఆదివారం మధ్యాహ్నం సంగటి, నాటుకోడి పులుసు, వేపచెట్ల కింద మడతమంచాల మీద కునుకు. ఎవరి ముఖంలోనూ తొందర లేదు. ముప్ఫై ఐదేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన హైమవతి ఆ రెండు రోజుల్లో ఎన్నిసార్లు నవ్విందో.

“రేపు బడికి పోవాలన్న బెంగ లేని ఆదివారం ఇదే నాకు మొదటిది,” అంది మొగుడితో.

నిద్రకు ముందు అందరికీ చేసే వైద్య పరీక్షల ఫలితాలు ఆ సాయంత్రమే వచ్చాయి. నరహరికి ఏ ఇబ్బందీ లేదు. హైమవతి గుండె మాత్రం అప్పుడప్పుడూ లయ తప్పుతోంది. మామూలు బతుక్కి దానివల్ల ప్రమాదం లేదు. మాత్రలు వేసుకుంటే చాలు. కానీ నిమిషానికి నాలుగుసార్లకు తగ్గిస్తే అది మళ్ళీ పుంజుకుంటుందన్న నమ్మకం లేదు.

“అయితే నేనూ పడుకోను. అనంతపురం పోదాం పద,” అన్నాడు నరహరి.

“అదేం మాట? కనిపెట్టినాయనే పడుకోకపోతే మిగతావాళ్ళు పడుకుంటారా? ఐదు రోజులే కదా. మీరు లాబొరేటరీలో ఉన్నప్పుడు వారాల తరబడి ఇంటి ముఖం చూడలేదు. అప్పుడు లేని బాధ ఇప్పుడేంటికి? పొయ్యి పడుకోండి.”

ఆయన ఇంకొంచెంసేపు కాదన్నాడు. ఆమె ఇంకొంచెంసేపు నచ్చజెప్పింది. ఆరింటికి నరహరి నిద్రశాలకు నడిచాడు. నడుస్తూ తనకు కలిగిన ఉపశమనాన్ని ఆయన తర్వాత చాలాకాలం ఎవరికీ చెప్పుకోలేదు.

మొదట్లో హైమవతి రోజూ పొద్దున్నే నిద్రశాలకు వెళ్ళి ఆయన మంచం పక్కన కూర్చునేది. రెడ్డెమ్మ ఒక్కొక్కరినీ ఒత్తిగిలిపించి, తడి గుడ్డతో పెదాలు అద్దుతూ ఉండేది. ఆదివారం గీసుకున్న గడ్డం శుక్రవారానికి కూడా నున్నగానే ఉండేది.

“ఈళ్ళతో మాట్లాడితే ఇనపడదమ్మా,” అంది రెడ్డెమ్మ ఒకరోజు. “నేనూ మొదట్లో పలకరిస్తా ఉంటి. పలికితేనా? ఇంటికి పొయ్యి రొంత ఏమన్నా తిను పో.”

కొన్ని నెలలకు హైమవతి వెళ్ళడం మానేసింది.

శనివారాలు మాత్రం వచ్చేవి. అంబలి తాగి, అరుగు మీదికి వస్తూనే నరహరి, “అందుకే నేననేది, ఆ మేనేజరు మాట నమ్మడానికి లేదని,” అనేవాడు. ఏ మేనేజరు, ఏ మాట అని ఆమె వెతుక్కునేది. ఆయనకు అది నిన్న సాయంత్రం ఆగిన సంభాషణ. ఆమెకు మధ్యలో ఐదు పొద్దులు, ఐదు రాత్రులు. ఆదివారం పోట్లాడుకుంటే ఆమె కోపం మంగళవారానికి చల్లారేది, గురువారానికి తప్పు తనదేనేమో అనిపించేది. శనివారం ఆయన అదే కోపంతో లేచి వచ్చేవాడు.

రెండో ఏడాది ఒక మంగళవారం గుంతకల్లులో ఆమె అన్న పోయాడు. ఒంటరిగా వెళ్ళి, చిన్నకర్మ దాకా ఉండి, శుక్రవారం తిరిగొచ్చింది. తీరికలో ఒక నియమం ఉండేది. శనివారం భోజనాలయ్యేదాకా ఎవరికీ చెడు వార్త చెప్పకూడదు. నిద్ర లేచిన ఒంటికి అది మంచిది కాదని ఊరిని నడిపే సంస్థవాళ్ళు పెట్టారు. మధ్యాహ్నం పెరుగన్నం తినేశాక హైమవతి సంగతి చెప్పింది. నరహరి బావమరిదిని తలుచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమెకు కన్నీళ్ళు రాలేదు. అవి మంగళవారం, బుధవారం అయిపోయాయి. ఆయన వీపు నిమురుతూ కూర్చుంది.

“నన్నెందుకు లేపలేదు?”

“మధ్యలో లేపితే ప్రాణానికే ముప్పని రాసింది మీరే కదండీ.”

ఐదేళ్ళు దాటి కొన్ని వారాలకు, ఒక శనివారం ఆమె సేమ్యా పాయసం చేసింది. ఏమిటి విశేషం అని నరహరి అడిగాడు. క్యాలెండర్ వెనక పెన్సిలుతో వేసిన లెక్క చూపించింది. ఈ ఊరికి వచ్చినప్పుడు ఆయనకు అరవై ఆరు, ఆమెకు అరవై రెండు. ఈ రోజుకి ఇద్దరికీ సరిగ్గా అరవై ఏడేళ్ళ నెల రోజులు.

“ఈ ఒక్క వారమే మనిద్దరం ఒక ఈడు. వచ్చే వారం నుంచి నేను పెద్దదాన్ని. నన్ను ‘మీరు’ అనాలి,” అంది నవ్వుతూ.

నరహరీ నవ్వాడు. కానీ ఆ సాయంత్రం గుట్ట ఎక్కేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకోబోయి, ఆ చేతి వెనక తేలిన నరాలు చూసి ఒక క్షణం ఆగాడు.

మరుసటి ఏడు చెంగల్రాయుడి సంగతి జరిగింది. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి వచ్చినవాడు, మొదటి జట్టులో పడుకున్నవాడు. మనవరాలి పెళ్ళి తిరుపతిలో గురువారం పడింది. ఒక్క వారం నిద్ర మానేస్తానని పట్టుబట్టాడు. సోమవారం బాగానే ఉన్నాడు. మంగళవారం వణుకు మొదలైంది. బుధవారం మూత్రం ఆగిపోయింది. పెళ్ళిపందిట్లో మంగళస్నానాలు జరుగుతుండగా ఆసుపత్రిలో పోయాడు. ఏళ్ళ తరబడి వారానికి ఐదున్నర రోజులు ఆగిపోవడం నేర్చుకున్న ఒళ్ళు, ఇక ఎక్కువ రోజులు నడవడం మర్చిపోయిందని పరీక్షల్లో తేలింది. నిద్ర ఇప్పుడు వాళ్ళకు వరసగా వేసుకోవాల్సిన మందులాంటిది. మానితే ప్రాణం లేదు.

ఆ ఆదివారం హైమవతి అడిగింది. “ఒక్కసారిగా కాకుండా మెల్లమెల్లగా మానే దారి లేదా? వారానికి కాస్త కాస్త చొప్పున?”

“ఉండొచ్చు. చూడాలి.”

“చూడండి మరి.”

“ఎవరడుగుతున్నారు హైమా? ఇక్కడెవరికీ లేవాలని లేదు. వచ్చే వారం చూస్తాలే.”

వచ్చే వారం క్యారమ్స్ పోటీలు. ఆ పై వారం ఎవరిదో పుట్టినరోజు. ఒకటిన్నర రోజుల్లో పని చెయ్యడానికి ఎవరికి మనసొస్తుంది? ఆమె మళ్ళీ అడగలేదు.

అలా పన్నెండేళ్ళు గడిచాయి. హైమవతికి డెబ్భై నాలుగు. నరహరికి అరవై తొమ్మిది ఇంకా నిండలేదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆమెను ఆయన అక్క అనుకునేవాళ్ళు. ఒక శనివారం ఆయన బయటికి వచ్చేసరికి ఆమె అరుగు మెట్టు మీదే కూర్చుని ఉంది. లేచి లోపలికి పోదామంటే ఆయాసపడింది. తలుపును పట్టుకుని, గోడను పట్టుకుని నడిచింది.

ఊరి డాక్టరు షంషాద్‌ను నిలదీస్తే ఆమె తలదించుకుంది. “ఆర్నెల్లుగా గుండె బాగా నీరసించింది సార్. మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారు. శని ఆదివారాలు పాడవుతాయని. వారమో, రెండు వారాలో. అంతకుమించి చెప్పలేను.”

ఆదివారం సాయంత్రం ఆరింటికి నిద్రశాల గంట మోగింది. ఇళ్ళల్లోంచి అందరూ నడిచి వెళ్ళారు. నరహరి కదల్లేదు.

“లేవండి. ఆలస్యమవుతోంది,” అంది హైమవతి.

“నేను వెళ్ళను.”

“చెంగల్రాయుడుగారి సంగతి మరిచిపోయారా?”

“మరిచిపోలేదు. ఆయనకు రెండు రోజులు దక్కాయి. నాకవి చాలు.”

ఆమె తిట్టింది, బతిమాలింది. చివరికి అలిసిపోయి ఊరుకుంది. ఆ రాత్రి ఇద్దరూ ఒకే మంచం మీద పడుకున్నారు.

సోమవారం తెల్లవారగానే షంషాద్ కారులో ఇద్దర్నీ హార్స్‌లీ కొండ మీదికి తీసుకెళ్ళింది. పన్నెండేళ్ళుగా ఎదురుగా కనిపిస్తున్నా ఆ కొండ ఎక్కడం వాళ్ళకు కుదరనే లేదు. శని ఆదివారాలు అక్కడ జనం ఎక్కువ. ఇప్పుడు ఎవరూ లేరు. యూకలిప్టస్ చెట్ల మధ్య మంచు ఇంకా విడిపోలేదు. కింద ఊళ్ళు, పొలాలు, దూరంగా తీరిక పెంకుల కప్పులు. సిమెంటు బెంచీ మీద ఒకే శాలువా కప్పుకుని కూర్చున్నారు.

“నేను పడుకునే ఐదు రోజులూ నువ్వేం చేసేదానివి?” అని అడిగాడు నరహరి. పన్నెండేళ్ళలో ఆ ప్రశ్న తాను ఎప్పుడూ అడగలేదని అడిగాక తెలిసింది.

“ఏముంది? వంట, పేపరు, నిద్ర. అందరూ చేసేదే.” ఆమె శాలువా అంచును ఆయన చేతుల మీదికి లాగింది. “మీ చేతులు చల్లబడుతున్నాయి,” అంది.

సాయంత్రానికి ఆయన దుప్పటి కింద వణుకుతున్నాడు. మంగళవారం పొద్దున కళ్ళు సరిగా తెరవలేకపోయాడు. కాళ్ళు ఉబ్బాయి. షంషాద్ రక్తపరీక్ష కాగితం తెచ్చి హైమవతికి చూపించింది.

“ఇప్పుడు పడుకోబెడితే బతుకుతారమ్మా. సాయంత్రం దాటితే చెప్పలేను. కానీ ఆయన ఒప్పుకోవడం లేదు.”

“ఆయన తెలివిలో లేనప్పుడు ఎవరు ఒప్పుకోవాలి?”

“భార్య సంతకం చెయ్యొచ్చు.”

హైమవతి కళ్ళజోడు పెట్టుకుని, అనుమతి కాగితం మొత్తం చదివి, నిదానంగా సంతకం చేసింది. స్ట్రెచరు మీదికి ఎక్కిస్తుంటే నరహరి ఆమె కొంగు పట్టుకున్నాడు.

“వద్దు హైమా. నన్ను పంపొద్దు.”

“ఇన్నేళ్ళు మీరు లేకుండా మంగళవారాలు గడిపినదాన్ని. ఇదొక లెక్కా నాకు? శనివారం మాట్లాడుకుందాం పోండి,” అని ఆయన వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసింది.

ఆమె గురువారం మధ్యాహ్నం పోయింది. రెడ్డెమ్మ పక్కనే ఉంది. సంస్థ ఆఫీసు నుంచి ఫోన్ చేసి, దహనం వెంటనే కానిచ్చెయ్యమన్నారు. ఐస్‌ పెట్టె వాకిట్లో ఉంటే శనివారం లేచినవాళ్ళు కలవరపడతారట.

“ఆ సారు లేచి సూడందే ఎవురూ ఈమెని ముట్టేదానికి లేదు,” అంది రెడ్డెమ్మ. ఫోన్ పెట్టేసింది.

శనివారం పొద్దున నరహరి కళ్ళు తెరిచేసరికి రెడ్డెమ్మ అంబలి గిన్నె పక్కన పెట్టి నిలబడి ఉంది. భోజనాలయ్యేదాకా ఆగలేదు.

“సారూ, అమ్మ కన్నుమూసింది. బేస్తవారం. నీ కోసరం పెట్టినాము. లెయ్, సూద్దువు.”

మధ్యాహ్నానికి దహనం అయిపోయింది. ఊరివాళ్ళంతా వచ్చారు, కళ్ళు తుడుచుకున్నారు, ఆయన చేతులు పట్టుకున్నారు. సాయంత్రం అయ్యేసరికి భోజనశాలలో పేకముక్కలు కలుపుతున్న చప్పుడు వినిపించింది. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. వాళ్ళకు ఉన్నది ఆ ఒక్క సాయంత్రమూ, ఇంకొక పగలూ.

తర్వాతి వారాల్లో నరహరి, షంషాద్ కలిసి పాత రికార్డులన్నీ తిరగేశారు. నలుగురైదుగురు ఎప్పుడో పొరపాటున అరగంట, ముప్పావుగంట ఆలస్యంగా పడుకున్న వారాలున్నాయి. ఆ వారాల్లో వాళ్ళ రక్తంలో ఏ తేడా రాలేదు. అంటే వారానికి అరగంట చొప్పున మెలకువ పెంచితే ఒళ్ళు తట్టుకుంటుంది. ఐదున్నర రోజుల నిద్రను అలా కరిగించడానికి ఐదేళ్ళు చాలు. షంషాద్ ఆ అంకె చెప్పి ఊరుకుంది. నరహరి మాత్రం కాగితం మీద వేసి చూశాడు. హైమ అడిగిన వారమే మొదలుపెట్టి ఉంటే, ఆమె పోవడానికి దాదాపు ఏడాది ముందే తాను పూర్తిగా మేలుకుని ఉండేవాడు. ఆ కాగితం చింపలేదు, ఎవరికీ చూపించనూ లేదు.

ఒక ఆదివారం భోజనాల దగ్గర లేచి నిలబడి, అందరికీ ఈ దారి గురించి చెప్పాడు. “ఎవరికైనా ఇష్టముంటే నాతోపాటు మొదలుపెట్టొచ్చు,” అన్నాడు.

ఎవరూ చెయ్యెత్తలేదు. చాలాసేపటికి ఒక పెద్దాయన, మాజీ తహసీల్దారు, మొహమాటపడుతూ అడిగాడు.

“తప్పుగా అనుకోవద్దు డాక్టరుగారూ. లేచి, ఆ ఐదు రోజులూ ఏం చెయ్యాలి?”

నరహరి కూర్చుని చల్లారిపోయిన పులుసన్నం తిన్నాడు.

ఒక్కడే మొదలుపెట్టాడు. మొదటి ఆదివారం ఆరున్నరకు పడుకున్నాడు. తర్వాతి ఆదివారం ఏడింటికి. అందరూ వెళ్ళిపోయాక ఊరు ఎలా ఉంటుందో అరగంట అరగంటగా చూశాడు. భోజనశాల దీపాలు ఆర్పడం చూశాడు. మూడు నెలలకు అర్ధరాత్రి దాకా వచ్చాడు. ఆ తర్వాత తన ఇంట్లో తన మంచం మీద మామూలు నిద్ర పోయి, తెల్లవారుజామున రెడ్డెమ్మ వచ్చి లేపితే నిద్రశాలకు నడిచేవాడు. ఒళ్ళు ఒప్పుకోని వారాలు ఉన్నాయి. వణుకు వచ్చి, వెనక్కి తగ్గి, మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టిన వారాలూ ఉన్నాయి. ఎనిమిదో నెలలో సోమవారం పొద్దున తొమ్మిది దాకా చేరాడు.

ఆ రోజు ఎనిమిదిన్నరకు అరుగు మీద కూర్చుని ఉంటే, నెత్తిన గంపతో ఒక ముసలామె గేటు తోసుకుని వచ్చింది. ఆయన్ని చూసి ఆగిపోయింది.

“ఎవురు సామీ నువ్వు? హైమమ్మ ఇల్లు గదా ఇది?”

“నేను ఆమె భర్తని.”

ఆమె చెయ్యి బుగ్గకు చేరింది. “నిద్దరపొయ్యే సారువా?”

నరహరి తలూపాడు. ఆమె పేరు నాగులమ్మ. పక్క పల్లె. ప్రతి సోమవారం ఆకుకూరలు తెస్తుంది. కాలు విరిగి ఏడాదిగా కూతురింట్లో ఉండి, ఇప్పుడే మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. హైమవతి పోయిందన్న సంగతి ఆమెకు ఆయనే చెప్పాల్సి వచ్చింది. నాగులమ్మ గంప కిందికి దించి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“ఏ ఆకు కొనేది తను?” అని అడిగాడు నరహరి. అడగడానికి ఇంకేం తోచలేదు.

“ఏదో ఒగటి. సిర్రాకో, గోగాకో. ఆకు కోసరమా సామీ ఆయమ్మ పిలిసేది? కూసో నాగులమ్మా, కాఫీ తాగిపో అనేది. నా మేకలేమైనాయి, నా బిడ్డ కాన్పేమైంది, అన్నీ అడుగుతాది. పేర్లన్నీ గెవనం పెట్టుకునేది. నేను గంపెత్తుకుంటే ఇంగ రొంతసేపుండు అనేది. ‘సోమారం శానా పొడుగుంటాది నాగులమ్మా’ అనేది.”

నరహరి లేచాడు. “కూర్చో. కాఫీ తెస్తాను,” అని లోపలికి వెళ్ళాడు. కాఫీ పొడి ఏ డబ్బాలో ఉంటుందో ఆయనకు తెలియదు. మూడు మూతలు తీసి చూశాడు. దొరికినదాంతో ఏదో కలిపి పట్టుకొచ్చాడు. నాగులమ్మ ఒక గుక్క తాగి, ఏమీ అనకుండా మిగతాది కూడా తాగేసింది. ఇంకా రెండూళ్ళు తిరగాలంటూ లేచి, ఒక గోగాకు కట్ట అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది.

లోపల గోడ గడియారం చూశాడు. ఆ వారానికి ఆయన మెలకువ గడువు ముగియడానికి ఇంకా పన్నెండు నిమిషాలు ఉన్నాయి. మిగతా ఇళ్ళ తలుపులన్నీ మూసి ఉన్నాయి. నరహరి అరుగు మీద కూర్చుని, ఆ పన్నెండు నిమిషాలూ గడపడానికి పూనుకున్నాడు.